బధిరాంధులు: వారి భాష, వారి హక్కు

పొరుగు రాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారమైన మనకు 40, 10 అను రెండంకెలు క్రొత్తవి కావు. 1949 ఆగస్టులో సమావేశమైన రాష్ట్ర విద్యామంత్రులు, పాఠశాల మొత్తమునందు 40 మంది గాని, ఒక తరగతియందు 10 మంది గాని ప్రాంతీయభాషకంటె వేరైన మాతృభాష గల పిల్లలున్నచో, ప్రాథమిక దశలో వారికి ఆ భాషయందే బోధించుటకు కనీసమొక ఉపాధ్యాయుని నియమింపవలెనని నిర్ణయించిరి. 1956లో ఏడవ సవరణచే రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము, ఇట్టి సదుపాయమును కల్పించుటకు పాటుపడుట రాష్ట్రముల బాధ్యతగా పేర్కొన్నది. మన పాఠశాలవంటివి నిలిచియుండుటకు ఈ అండయు నొక కారణమే. అయినను ఏటేట ప్రవేశముల వేళ తలలు లెక్కపెట్టుకొని, ఈ యేడు పదిమంది కుదిరిరా లేదా యని తల్లడిల్లుట మనకు అలవాటైన పనియే. "మీ సంఖ్య చాలదు" అను మాట ఎంత కఠినమైనదో మనకు వేరొకరు చెప్పనక్కరలేదు.

ఆ మాటను జీవితమంతయు వినవలసివచ్చు పిల్లలు కొందరు కలరు. వారు ఏ వీధిలోనైనను ఒక్కరే. ఏ తరగతిలోనైనను ఒక్కరే. చూపును వినికిడియు రెండును లోపించిన ఈ పిల్లలను బధిరాంధులందురు. వారికిని ఒక భాష కావలెను. దానిని నేర్పు ఒక గురువు కావలెను. ఆ హక్కు వారికి చట్టమున లభించినదనియు, అది చాలమందికి తెలియకయే యుండిపోయినదనియు, తెలిసికొని అడుగుట తల్లిదండ్రులమైన మన పని యనియు విన్నవించుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

బధిరాంధత్వ మనగా నేమి?

బధిరాంధులనగానే ఏమియు కానరాని, ఏమియు వినబడని మనిషిని మన మూహించుకొందుము. అట్టివారు కొందరు మాత్రమే. పెక్కుమందికి కొంత చూపు గాని, కొంత వినికిడి గాని మిగిలియుండును. ఒకనికి ఎదుటివారి ఆకారము మసకగా తోచును గాని మాట వినబడదు. ఒకతెకు చెవిచెంత బిగ్గరగా పలికిన మాట అందును గాని పలికినవారి ముఖము కానరాదు. పుట్టుకతోనే రెండును లోపించినవారు కలరు. పుట్టుచెవుడుతో పెరిగి యౌవనమున చూపు కోల్పోవువారు కలరు. జీవితమంతయు చక్కగా చూచి, విని, వార్ధక్యమున రెండింటిని కోల్పోవు తాతలును అవ్వలును కలరు.

రెండు లోపములు కూడినవి గదా, కష్టము రెండింతలగునని అనుకొనవచ్చును. లెక్క అట్లు కుదరదు. చూపు లేనివాడు ఆ లోటును చెవితో పూడ్చుకొనును. అడుగుల చప్పుడును బట్టి వచ్చినదెవరో గుర్తించును, గురువు నోట పాఠము వినును. వినికిడి లేనివాడు ఆ లోటును కంటితో పూడ్చుకొనును. పెదవుల కదలికను, చేతి సంజ్ఞను చూచి గ్రహించును. బధిరాంధునికి ఒక ఇంద్రియము రెండవదానిని ఆదుకొనజాలదు. ఆదుకొనవలసిన రెండును ఒక్కసారియే తప్పుకొన్నవి.

కన్నును చెవియు దూరముననున్న వస్తువులను మనకు తెలుపు ఇంద్రియములు. మామూలు బిడ్డ ఎవరును నేర్పకయే వేయి సంగతులు నేర్చుచుండును. వంటయింట గిన్నెల చప్పుడు వినబడినంతనే అన్నము వేళయైనదని దానికి తెలియును. తండ్రి చెప్పులు తొడుగుకొనుట చూచి బయటికి పోవుచున్నాడని గ్రహించును. బధిరాంధుడైన బిడ్డకు లోకము చేయి చాచినంత మేరయే. అన్నము ఎక్కడినుండియో హఠాత్తుగా నోటికి తగులును. ఎవరో ఎందుకో చెప్పకయే ఎత్తుకొనిపోవుదురు, ఒంటిపై నీళ్లు పోయుదురు. ఇట్టి లోకమునకు బెదరి ఆ బిడ్డ కేకలు వేయును, విదిలించుకొనును, ఒక మూల కూర్చుండి ఊగుచుండును. చూచినవారు మందబుద్ధి యని తీర్పు చెప్పుదురు. లోపించినది బుద్ధి కాకపోవచ్చును. లోకమును ఆ బుద్ధికి చేర్చు త్రోవ లోపించినది.

బడి విషయమునను ఇట్టి చిక్కే కలదు. అంధుల పాఠశాలలో పాఠము చెవిగుండ నడచును. బధిరుల పాఠశాలలో కంటిగుండ నడచును. ఈ బిడ్డను మొదటిదానికి కొనిపోయిన, వినబడదు గనుక బధిరుల బడికి పొండని చెప్పుదురు. రెండవదానికి కొనిపోయిన, కనబడదు గనుక అంధుల బడికి పొండని చెప్పుదురు. రెండు వాకిళ్ల నడుమ తిరుగుటతోనే బాల్యము గడచిపోవును. బధిరాంధత్వమును చెవుడులో నొక భాగముగానో, అంధత్వములో నొక భాగముగానో గాక, ఒక ప్రత్యేకమైన లోపముగా గుర్తింపుడని వారును వారి కుటుంబములవారును దేశదేశముల కోరుచుండుటకు కారణ మిదియే. 2004లో ఐరోపా పార్లమెంటు బధిరాంధుల హక్కులపై చేసిన ప్రకటనలో ఇట్లే అంగీకరించినది.

వీరి సంఖ్య ఎంత? ప్రపంచ బధిరాంధుల సమాఖ్య 2018లో వెలువరించిన నివేదిక, జనాభాలో 0.2 శాతము మంది తీవ్రమైన బధిరాంధత్వము గలవారని అంచనా కట్టినది. అనగా వేయిమందికి ఇద్దరు. తక్కువ తీవ్రత గలవారినిగూడ చేర్చిన అది 2 శాతమునకు చేరునని ఆ నివేదిక తెలుపుచున్నది. మన దేశమున 2011 జనాభా లెక్కలయందు అంగవైకల్యమును గూర్చి ప్రశ్నించినప్పుడు చూపునకు ఒక గడియు, వినికిడికి ఒక గడియు, బహుళ వైకల్యములకు ఒక గడియు నుండెను. బధిరాంధులకని వేరుగా గడి లేకుండెను. లెక్కకు రానివారికి ఖర్చు వ్రాయుట ఏ ప్రభుత్వమునకును అలవాటు లేదు.

కారణములు, కొన్ని జాగ్రత్తలు

బధిరాంధత్వమునకు కారణములు పెక్కు కలవు. నెలలు నిండకముందే పుట్టుట, మెదడుపొరల వాపు, కొన్ని పుట్టుకలోపములు అందు కొన్ని. తల్లిదండ్రులు ముఖ్యముగా తెలిసికొనదగినవి రెండు.

మొదటిది రూబెల్లా. దీనిని జర్మనుతట్టు అనియు నందురు. పిల్లలకు వచ్చిన రెండు మూడు దినముల జ్వరము, ఒంటిపై ఎర్రని పొక్కులు, అంతటితో పోవును. గర్భము ధరించిన తొలి నెలలలో తల్లికి సోకినచో గర్భస్థ శిశువునకు కంటిలో శుక్లములు, చెవుడు, గుండెజబ్బు కలుగవచ్చును. 1941లో ఆస్ట్రేలియాయందు నార్మన్ గ్రెగ్ అను నేత్రవైద్యుడు, శుక్లములతో పుట్టిన శిశువుల తల్లులకు గర్భకాలమున రూబెల్లా సోకియుండుట గమనించి ఈ సంబంధమును మొదట వెల్లడించెను. 1964-65లో అమెరికాను రూబెల్లా ముట్టడించినప్పుడు, దానివలన లోపములతో జన్మించిన శిశువులు సుమారు 20,000 మంది. 1969లో అచట టీకా అనుమతి పొందినది.

మన దేశమున తట్టు-రూబెల్లా టీకా ఉద్యమము 2017 ఫిబ్రవరిలో ఆరంభమైనది. మొదటి విడతగా ఎన్నుకొన్నవి తమిళనాడు, కర్ణాటకము, పుదుచ్చేరి, గోవా, లక్షద్వీపములు. యానాము పుదుచ్చేరిలోనిదే గనుక, మనబోటి తెలుగు కుటుంబములు చాల వాటికి ఆ టీకా ఆంధ్ర తెలంగాణములకంటె ముందే అందినది. 9 నెలలు మొదలు 15 ఏండ్ల లోపు పిల్లలందరికి బడులలోనే వేయ సంకల్పించిరి. ఆనాడు నిరాధారమైన వదంతులు వ్యాపించి కొందరు తల్లిదండ్రులు సంతకము చేయుటకు జంకిరి. ఇప్పుడు ఆ టీకా బిడ్డలకు 9 నుండి 12 నెలల నడుమ ఒకసారియు, 16 నుండి 24 నెలల నడుమ మరొకసారియు ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగా వేయబడుచున్నది. ఆడపిల్లలకేగాక మగపిల్లలకును వేయించుట ఏల యనగా, ఈ జబ్బు ఇంటిలోని ఏ బిడ్డనుండియైనను గర్భవతికి సోకగలదు.

రెండవది అషర్ సిండ్రోమ్. 1914లో దీని వంశపారంపర్యమును విశదముగా వివరించిన స్కాట్లండు నేత్రవైద్యుడు చార్లెస్ అషర్ పేరిట దీని నట్లు పిలుతురు. ఈ బిడ్డ చెవుడుతో పుట్టును. చూపు మొదట బాగుగనే యుండును. తరువాత రేచీకటి తలచూపును. క్రమముగా ప్రక్కచూపు తగ్గి, గొట్టములోనుండి చూచినట్లగును. దీనికి మూలమైన జన్యుదోషము తల్లినుండియు తండ్రినుండియు రెండు వైపులనుండి సంక్రమించినగాని వ్యాధి కలుగదు. దోషమును మోయు తల్లిదండ్రులిద్దరును ఆరోగ్యముగనే కనబడుదురు. వారి ప్రతి సంతానమునకును ఇది కలుగుటకు నాలుగింట నొక వంతు అవకాశముండును. రక్తసంబంధీకుల వివాహములలో ఇరువురును ఒకే దోషమును మోయుచుండు అవకాశము హెచ్చు. మేనరికములు, అక్కకూతురిని పెండ్లాడుట మన కుటుంబములలో చిరకాలపు ఆచారము గనుక ఈ మాట చెప్పక తప్పదు. ఎవరినో నిందించుటకు గాదు. వంశమున చెవుడు గాని రేచీకటి గాని ఉన్నచో పెండ్లి మాటలకు ముందే వైద్యుని సలహా పొందుట మేలని చెప్పుటకే. పుట్టుచెవుడు గల ప్రతి బిడ్డకును ఏటేట కన్నులు పరీక్ష చేయింపవలెను. సంజవేళ తడబడుట, గడప తట్టుకొనుట అజాగ్రత్త యని కసరకుడు.

చేతి గుండ భాష

కన్నులు చెవులు మూసికొనిపోయిన మనసునకు భాష నేర్పవచ్చునని లోకమునకు విశ్వాసము కలిగించినది అమెరికాలోని ఒక బాలిక. లారా బ్రిడ్జ్‌మన్ 1829లో పుట్టి, రెండేండ్ల వయసున జ్వరముచే చూపును వినికిడిని కోల్పోయెను. 1837లో బోస్టనునందలి పెర్కిన్స్ అంధవిద్యాలయమున చేరెను. అచటి అధిపతి డాక్టరు హోవ్ చెంచా, తాళపుచెవి మొదలగు వస్తువులకు ఉబ్బెత్తు అక్షరములు గల చీటీల నంటించి, ఆమెచేత తడిమించెను. వస్తువునకు పేరు కలదను సత్యము ఆమెకు వ్రేళ్ల గుండ తెలిసినది. 1842లో అమెరికాను దర్శించిన ఆంగ్ల రచయిత చార్లెస్ డికెన్స్ ఆమెను చూచి తన యాత్రాగ్రంథమున వర్ణించెను.

నాలుగు దశాబ్దములు గడచిన పిమ్మట ఆ పుటలను అలబామా రాష్ట్రములో ఒక తల్లి చదివెను. ఆమె కుమార్తె 1880 జూన్ 27న జన్మించి, 19 నెలల వయసున జబ్బుపడి చూపును వినికిడిని కోల్పోయినది. ఆ తల్లి పేరు కేట్ కెల్లర్; బిడ్డ పేరు హెలెన్. పుస్తకములో చదివిన ఆశతో తల్లిదండ్రులు విచారించిరి. టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ వారిని పెర్కిన్స్ విద్యాలయమునకు త్రోవ చూపెను. అచటినుండి వచ్చిన ఆన్ సలివాన్ 1887 మార్చి 3న హెలెన్ ఇంట అడుగిడెను. లారాతో ఒకే వసతిలో నివసించి, వ్రేళ్లతో అక్షరములను అరచేత వ్రాయు పద్ధతిని నేర్చినది ఈ సలివానే. ఏప్రిల్ 5న నీళ్ల పంపు క్రింద హెలెన్ చేయి నుంచి, రెండవ చేతిలో నీరు అను మాటను వ్రాసినప్పుడు ఆ బిడ్డకు భాష తెలిసినది. 1904లో హెలెన్ కెల్లర్ బి. ఏ. పట్టము పొందెను. 1955లో ఆసియా యాత్రలో భాగముగా మన దేశమునకును వచ్చెను. 1968లో దివంగతురాలయ్యెను.

ఈ కథను మనము అద్భుతముగా చెప్పుకొందుము. ఇందలి రెండు సంగతులను మాత్రము మరచిపోవుదుము. మొదటిది, తల్లికి ఒక పుస్తకమున నాలుగు పుటలు లభింపకున్నచో హెలెన్‌కు గురువు వచ్చియుండకపోవును. రెండవది, ఆ గురువు ఆ ఒక్క బిడ్డకొరకే వచ్చెను. పదిమంది కుదిరినగాని రానని చెప్పియున్నచో హెలెన్ కెల్లర్ పేరు మనకు తెలియకయే యుండును.

నేడు ఉపయోగమునందున్న పద్ధతులు పెక్కు కలవు. చదువుకొన్న తరువాత చూపు వినికిడి పోయినవారికి అరచేతిలో వ్రేలితో అక్షరములు వ్రాయుట అన్నిటికంటె సులభము. తెలుగు చదువనేర్చిన అవ్వకు మన తెలుగు అక్షరములనే వ్రాయవచ్చును. ఒక అక్షరముపైననే మరొకటి పెద్దదిగా వ్రాయుచు, మాట ముగియగనే కొంచెము ఆగవలెను. ఇందుకు ఏ యంత్రమును, ఏ ఖర్చును అక్కరలేదు. బధిరుల సంజ్ఞాభాష తెలిసి తరువాత చూపు పోయినవారు, ఎదుటివారి చేతులపై తమ చేతులుంచి సంజ్ఞలను స్పర్శచే గ్రహింతురు. కొందరు పలుకువారి పెదవులపై బొటనవ్రేలును, దవడపై కంఠముపై తక్కిన వ్రేళ్లను ఉంచి, కదలికను బట్టి మాటను తెలిసికొందురు. దీనిని తడోమా పద్ధతి యందురు.

పుట్టుకతో బధిరాంధులైన శిశువులకు అక్షరమునకు ముందే వస్తువులతో భాష ఆరంభించును. స్నానమునకు ముందు తువాలును, అన్నమునకు ముందు చెంచాను, షికారుకు ముందు చెప్పులను చేతికందించుట ప్రతిదినము తప్పక జరిగినచో, ఆ వస్తువే ఆ బిడ్డకు మొదటి మాట యగును. ఇంటిలో ప్రతివారికిని ఒక గుర్తు ఉండవలెను: అమ్మకు గాజులు, నాన్నకు చేతిగడియారము, అవ్వకు ఉంగరము. దగ్గరకు రాగానే ముందుగా దానిని తాకింపవలెను. బిడ్డ చేతిని పైనుండి పట్టి లాగక, మన చేతిని దాని చేతిక్రింద నుంచి, అది ఇచ్ఛవచ్చినప్పుడు పట్టుకొనునట్లు, వదలునట్లు చేయవలెను. ఆ చేతులే దానికి కన్నులు. వాటిని బలవంతముగా లాగుట ముఖమును మెలిపెట్టి చూడుమనుట వంటిది.

చదువునకు బ్రెయిలీ లిపి కలదు. ఆరు చుక్కలనుండి 63 రూపములు ఏర్పడును. 1951లో మన దేశము భారతీ బ్రెయిలీని స్వీకరించినది. ఇందు అన్ని భారతీయభాషలకును ఒకే మూలము: తెలుగు 'క'కును, తమిళము, కన్నడము, ఒడియా, మరాఠీలయందలి 'క'కును చుక్కలవే. మనవంటి ద్విభాషా కుటుంబములకు ఇది మిక్కిలి ప్రయోజనకరము. ఇంట తెలుగును, వీధిలో ప్రాంతీయభాషను వాడు బిడ్డ కన్నుతో చదువునప్పుడు రెండు లిపులు నేర్వవలెను. వ్రేలితో చదువు బిడ్డకు ఒక లిపి నేర్చినచో రెండవదానికి అక్షరములు చాలవరకు వచ్చినట్లే. కనుక "మీ బిడ్డకు ఒక్క భాషయే గగనము, ఇంటిభాషను విడిచిపెట్టుడు" అను సలహాకు తల్లిదండ్రులు తొందరపడి తల యూపవలదు. తల్లి, తండ్రి, అవ్వ ఏ భాషలో మాటాడుదురో ఆ భాష వ్రేళ్లకును అందవలెను. లేనిచో బిడ్డ బడిలో మాట నేర్చి ఇంటిలో మూగయగును.

తల్లిదండ్రులు సాధించినది

1955లో ఇంగ్లాండునందు పెగ్గీ ఫ్రీమన్, మార్గరెట్ బ్రాక్ అను ఇద్దరు తల్లులు, రూబెల్లావలన లోపములతో పుట్టిన తమ బిడ్డలకొరకు ఇతర కుటుంబములను కూడగట్టి ఒక చిన్న సంఘమును స్థాపించిరి. దాని పేరు రూబెల్లా గ్రూపు. ఉత్తరములు వ్రాసికొనుట, అనుభవములు పంచుకొనుట వారి తొలి పని. ఆ సంఘమే నేడు సెన్స్ అను పేర బ్రిటనునందు ప్రసిద్ధ సంస్థయై యున్నది. బధిరాంధులును వారి కుటుంబములును పట్టు విడువక కోరిన ఫలితముగా, 2001లో ఇంగ్లాండు ప్రభుత్వము స్థానిక సంస్థలకు ఉత్తరువు లిచ్చినది: తమ పరిధిలోని బధిరాంధులను వెదకి గుర్తింపవలెను, వారి పట్టిక నుంచవలెను, శిక్షణ పొందినవారిచే వారి అవసరములను అంచనా వేయింపవలెను, అవసరమైనవారికి తోడుగా నుండి లోకమును చేతికందించు సహాయకులను ఏర్పరుపవలెను. వెదకుట ప్రభుత్వము పనియైనది. వెదకబడుటకు కుటుంబములు తిరుగనక్కరలేకపోయినది.

మన దేశమున ఈ కృషి 1977లో ముంబయిలో బెరోజ్ వచ్ఛా స్థాపించిన హెలెన్ కెల్లర్ సంస్థతో ఊపందుకొన్నది. 1997లో అహమ్మదాబాదు కేంద్రముగా సెన్స్ ఇంటర్నేషనల్ ఇండియా ఆరంభమైనది. 2005లో చెన్నైకి చేరువనున్న ముట్టుకాడునందు బహుళ వైకల్యములు గలవారికొరకు కేంద్రప్రభుత్వము ఒక జాతీయసంస్థను నెలకొల్పినది. మహారాష్ట్రమునను తమిళనాటను స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఇవి అందుబాటులోనివి.

చట్టము ఏమి చెప్పుచున్నది?

1995 నాటి వికలాంగుల చట్టము ఏడు వైకల్యములను పేర్కొన్నది. అందు బధిరాంధత్వము పేరు లేదు. 2006 డిసెంబరు 13న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో 24వ అధికరణము బధిరాంధులైన పిల్లల విద్యను ప్రత్యేకముగా పేర్కొన్నది. భారతదేశము దానిని 2007 అక్టోబరు 1న ధ్రువపరచినది. ఆ వాగ్దానమునకు అనుగుణముగా 2016లో వికలాంగుల హక్కుల చట్టము వచ్చి, 2017 ఏప్రిలు 19నుండి అమలైనది. ఇందు పేర్కొన్న వైకల్యములు 21. బహుళ వైకల్యముల క్రింద బధిరాంధత్వము పేరు స్పష్టముగా వ్రాయబడినది.

ఈ చట్టమునందు తల్లిదండ్రులు గుర్తుంచుకొనదగిన అంశములను క్లుప్తముగా చెప్పుదుము.

16వ విభాగము ప్రకారము, ప్రభుత్వ ధనసహాయము గాని గుర్తింపు గాని పొందిన విద్యాలయములన్నియు వికలాంగులైన పిల్లలను వివక్ష లేక చేర్చుకొనునట్లు ప్రభుత్వములు కృషి చేయవలెను. చూపు గాని, వినికిడి గాని, రెండును గాని లేనివారికి మిక్కిలి అనువైన భాషలలో, అనువైన సంభాషణ పద్ధతులలో విద్య నేర్పవలెను. గుర్తింపు పొందిన విద్యాలయములలో మన అల్పసంఖ్యాక పాఠశాలయు నొకటి యని మరువరాదు.

17వ విభాగము ప్రకారము, వికలాంగులైన పిల్లలను గుర్తించుటకు ఐదేండ్ల కొకసారి బడిపిల్లల గణన జరుపవలెను. సంజ్ఞాభాషయందును బ్రెయిలీయందును అర్హతగల ఉపాధ్యాయులను నియమింపవలెను.

31వ విభాగము ప్రకారము, 40 శాతమునకు తగ్గని వైకల్యము గల బిడ్డకు 6 నుండి 18 ఏండ్ల వరకు ఉచితవిద్య హక్కు. ఇరుగుపొరుగు బడిలో చదువుటయా, ప్రత్యేక పాఠశాలలో చదువుటయా అను ఎన్నిక బిడ్డదే.

పైచదువులలో ప్రభుత్వ సంస్థలందును, ప్రభుత్వ సహాయము పొందు సంస్థలందును 5 శాతమునకు తక్కువగాని స్థానములును, ప్రభుత్వోద్యోగములలో 4 శాతమునకు తక్కువగాని ఖాళీలును వికలాంగులకు కేటాయింపబడినవి. ఉద్యోగములలో బధిరాంధులు ఇతర బహుళ వైకల్యములవారితోను, మరికొన్ని వర్గములవారితోను కలిసి 1 శాతమును పంచుకొనవలెను. ఇది చాలునా యను ప్రశ్న యట్లుండగా, ఆ వాటానందుకొనవలెనన్నను మొదట బిడ్డకు అక్షరము రావలెను గదా.

చట్టమున పేరెక్కినంత మాత్రమున గురువు వాకిట నిలువడు. 350-ఎ అధికరణము వ్రాసినంత మాత్రమున తెలుగు ఉపాధ్యాయుడు మన బడికి వచ్చెనా? అర్జీలు వ్రాసి, ప్రతినిధులను పంపి, ఏండ్ల తరబడి అడిగినగాని రాలేదు. ఆ పాఠమే ఇందును వర్తించును.

మనము చేయదగినవి

మొదటిది, గుర్తించుట. మన పాఠశాలలో ఏటేట జరుపు వైద్యపరీక్షలో ప్రతి బిడ్డకును కన్నులను చెవులను రెండింటిని పరీక్షింపవలెనని తల్లిదండ్రుల సంఘము కోరవలెను. ఒకదానిలో లోపము కనబడిన బిడ్డకు రెండవదానిని మరింత శ్రద్ధగా పరీక్షింపవలెను.

రెండవది, ధ్రువపత్రము. వైద్యమండలి ఇచ్చు పత్రమున చెవుడు మాత్రమే గాని, అంధత్వము మాత్రమే గాని వ్రాసినచో, బిడ్డ మరల ఆ రెండు వాకిళ్ల నడుమ పడును. రెండు లోపములును నమోదగునట్లును, యు. డి. ఐ. డి. కార్డునందు బహుళ వైకల్యముగా చేరునట్లును చూచుకొనవలెను. పత్రముతో సమ్మతి లేనిచో అప్పీలు చేసికొను హక్కును చట్టమే కల్పించినది.

మూడవది, అడుగుట. హక్కు నిరాకరింపబడినచో ప్రతి రాష్ట్రమునందును వికలాంగుల కమీషనరు కలడు. నోటిమాటకంటె వ్రాతమూలకమైన అర్జీ మేలు. ఒక్క కుటుంబపు అర్జీకంటె సంఘపు అర్జీ మేలు. మన సంఘము తన భాషకొరకు అర్జీలు వ్రాయుటలో ఆరితేరినది. ఆ నేర్పును పొరుగింటి బధిరాంధునికొరకును వినియోగింపవచ్చును. ఆ యిల్లు తెలుగువారిదే కానక్కరలేదు.

నాలుగవది, పలుకరించుట. బధిరాంధుడు ఎదురైనచో భుజముపై మెల్లగా చేయి వేసి మన రాకను తెలుపవలెను. త్రోవ చూపునప్పుడు అతనిని ముందుకు త్రోయక, మన మోచేతిని పట్టుకొననిచ్చి ముందు నడువవలెను. వెడలునప్పుడు చెప్పి వెడలవలెను. లేనిచో మనము పోయితిమని ఎరుగక ఆతడు శూన్యముతో మాటాడుచుండును. తెల్లని చేతికర్రపై ఎర్రని పట్టీలున్నచో, ఆ మనిషికి చూపుతోపాటు వినికిడియు లేదని అర్థము.

"ఒక్క బిడ్డకొరకు ఒక గురువా? ఇంత ఖర్చా?" అని అడుగువారుందురు. ఈ ప్రశ్నకు ఇతరులకంటె మనమే సూటిగా సమాధానము చెప్పగలము. మాతృభాషయందు చదువుకొను హక్కునకు 40, 10 అను అంకెలు వ్రాసినది పరిపాలనా సౌలభ్యమునకే. తొమ్మండుగురున్న తరగతిలోని బిడ్డకు భాష అవసరము లేదని ఆ అంకెల భావము గాదు. తొమ్మండుగురి పక్షమున మన మిన్నాళ్లు వాదించితిమి. ఆ వాదము సత్యమైనచో ఒక్కరి విషయముననూ సత్యమే. ఒక్కరికి చెల్లదని మనమే ఒప్పుకొన్నచో, రేపు మన తొమ్మండుగురికిని చెల్లదని చెప్పువారికి మనయొద్ద జవాబుండదు.

కావున రాబోవు సర్వసభ్య సమావేశమున తల్లిదండ్రులు రెండు తీర్మానములను ప్రతిపాదింపవలెనని కోరుచున్నాము. పాఠశాలయందు ప్రతి సంవత్సరము కన్నులకు చెవులకు కలిపి పరీక్ష జరుపవలెనని యొకటి. బధిరాంధుడైన బిడ్డ ఎవరైనను చేరవచ్చినచో, సంఖ్య అడుగక చేర్చుకొని, తగిన గురువు కొరకు సంఘమే ప్రభుత్వమునకు అర్జీ పెట్టవలెనని రెండవది. ఈ పుటలను చదివినవారు తమ వీధిలో తలుపు చాటున పెరుగుచున్న బిడ్డ యెవరైన నున్నచో ఆ తల్లికి చదివి వినిపింపుడు. నాలుగు పుటలు ఒక తల్లి చేత పడిన ఫలితమేమో పైన చెప్పియే యున్నాము.